తెరమీది నీలి చుక్క, ఖాదర్ సార్ చెయ్యి

మొన్న సోమవారం మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి తన బల్లమీద ఒక చిన్న పెట్టె విప్పింది. ముందు కవరు చిరిగిన చప్పుడు, వెంటనే కొత్త రబ్బరు వాసన వచ్చాయి. తలెత్తి చూడకుండానే అదేమిటో నాకు తెలిసిపోయింది. అది త్రీడీ మౌసు. మామూలు మౌసులాగా దాన్ని బల్లమీద జరపడం ఉండదు. బరువైన దిమ్మ ఒకటి కదలకుండా కూర్చుంటుంది, దానిమీద వేళ్ళతో పట్టుకునే గుండ్రటి పిడి ఉంటుంది. పిడిని మెలితిప్పితే తెరమీది వస్తువు తిరుగుతుంది, వంచితే వంగుతుంది, తోస్తే దూరం పోతుంది. ఆ అమ్మాయి పిడిమీద చెయ్యి వేసిన మరుక్షణమే "మేడం, ఈ నీలి చుక్క ఏమిటి? ఇందాక లేదు కదా" అంది. జవాబు చెప్పబోయి ఆగిపోయాను. ఆ చుక్క సంగతి తెలుసుకోవడానికి నాకు ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ నా పక్కన కూర్చున్న మనిషి ఒక్కసారిగా కళ్ళముందుకు వచ్చాడు.

ఆయన ఖాదర్ సార్. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. కర్నూలు పాతబస్తీలో ఒక సైకిల్ షాపు మీది గదిలో రెండు కంప్యూటర్లు పెట్టుకుని యంత్రభాగాల బొమ్మలు గీసి ఇచ్చేవాడు. నాది డోన్ పక్కన చిన్న పల్లె. మాకున్నది రెండెకరాల మెట్ట. నాన్న రైల్వే గూడ్సు షెడ్డులో మూటలు మోసేవాడు, ఆదివారం పూట చర్చిలో పాటలు అందుకునేవాడు. నేను మెకానికల్ డిప్లొమా చేసి ఏడాదిగా ఖాళీగా ఉన్నాను. ఆడపిల్లకి మెకానికల్ ఎందుకని చదివేటప్పుడు అడిగినవాళ్ళే, చదివాక ఉద్యోగమేదని అడగడం మొదలుపెట్టారు. ఎవరో చెబితే బస్సెక్కి ఆ సైకిల్ షాపు మెట్లెక్కాను.

సర్టిఫికెట్లు చూస్తాడనుకుంటే, ఒక పాత ఇత్తడి కుళాయి నా చేతిలో పెట్టాడు. "దీన్ని కోయకుండా, ఇప్పకుండా, లోపల ఎట్లుంటాదో గీయి బేటీ" అన్నాడు. అరగంట గీశాను. నీళ్ళు వచ్చే దారి గీశాను, మర గీశాను. మధ్యలో ఒకచోట లోపలి ఆకారం ఎంత ఆలోచించినా అందలేదు. అక్కడ తెల్లగా వదిలేసి, సిగ్గుపడుతూ కాగితం ఇచ్చాను. ఆయన ఆ తెల్లటి చోటునే వేలితో తడిమాడు. "తెలియని చోట ఖాళీ ఇడిసినావు. శానామంది ఏదో ఒకటి గీసేస్తారు. రేపటినుంచి రా" అన్నాడు. పనిలో నిజాయితీ అంటే ఏమిటో అంతకుముందు ఎవరూ నాకు అంత సులువుగా చెప్పలేదు.

కాగితం తడిమిన ఆ చేతిని నేను అప్పుడే చూశాను. కుడిచేతికి చూపుడువేలు లేదు, మధ్యవేలు లేదు. సార్ ముప్పై ఏళ్ళు ప్యాట్రన్ మేస్త్రీగా పనిచేశాడు. ఇనుము పోతపోసే ముందు ఆ వస్తువు ఆకారాన్ని చెక్కతో చేస్తారు. ఇసుకలో దాని అచ్చు తీసి, ఆ గుంతలో కరిగిన ఇనుము పోస్తారు. ఆ చెక్క నమూనానే ప్యాట్రన్. రంపపు యంత్రం రెండు వేళ్ళు తీసుకుపోయాక ఉలి పట్టడం ఆయనవల్ల కాలేదు. ఇంకొకరైతే ఇంట్లో కూర్చునేవాళ్ళు. ఆయన యాభై దాటిన వయసులో కంప్యూటర్ క్లాసుకు పోయి, కాలేజీ పిల్లల మధ్య బెంచీమీద కూర్చున్నాడు. "నవ్వినారు బేటీ. నవ్వనీ. చెక్కలో చేసింది తెరమీద చేయలేనా అనుకున్యా" అని చెప్పేవాడు. అయితే మామూలు మౌసు ఆయనకు నరకం. ఆ మౌసు కోరేదే చూపుడువేలిని. ఎడమచేత్తో నొక్కుతూ, నత్తనడకన గీసేవాడు.

అందుకే హైదరాబాదులో ఏదో డిజైన్ ఆఫీసులో పనిచేసే మేనల్లుడు, అక్కడ పక్కన పడేసిన త్రీడీ మౌసును తెచ్చి ఇచ్చిన రోజున ఆయన పండగ చేసుకున్నాడు. బొటనవేలు, ఉంగరపు వేలు, చిటికెనవేలు, మూడు చాలు ఆ పిడిని పట్టడానికి. దానితోపాటు ఒక సీడీ వచ్చింది గాని, ఎట్లా వాడాలో చెప్పే పుస్తకం రాలేదు. మేనల్లుడికీ తెలియదు. "వాడకుండా బీరువాలో ఉండిపోయినాది మామూ" అని చెప్పి వెళ్ళిపోయాడు.

సరిగ్గా ఆ వారమే నారాయణప్ప వచ్చాడు. తుంగభద్ర ఒడ్డున ఎత్తిపోతల పథకం ఒకటి ఉంది. మూడు ఊర్ల పొలాలకు అదే ఆధారం. ఆ రైతుల సంఘానికి నారాయణప్ప పెద్ద. గోనెసంచిలో చుట్టిన బరువైన వస్తువును ఇద్దరు మనుషులతో మెట్లెక్కించి గది మధ్యలో దింపించాడు. అది ఇంపెల్లర్. పంపు లోపల గిర్రున తిరుగుతూ నీళ్ళను పైకి తోసే ఇనుప చక్రం. వంపు తిరిగిన ఆరు రెక్కలుండాలి. నీళ్ళు పీల్చే గొట్టం మూతికి ఉండే జాలీ చినిగి లోపలికి రాయి దూరింది. మూడు రెక్కలు విరిగిపోయాయి.

"పంపు చేసిన కంపెనీ మూతపడినాది సాబూ. కొత్త పంపు కావల్లంటే కాగితాలు తిరగాల, ఆర్నెల్లంటాండారు" అన్నాడు నారాయణప్ప. "నదిలో నీళ్ళు పోతాండాయి. కండ్లతో చూస్తాండాం. పొలంలో ఉల్లి ఎండిపోతాండాది. ఉండే రెండు బోర్లతో నెల రోజులు ఎట్లోకట్ల ఆపుతాం. ఆ తర్వాత మా చేతుల్లో ల్యా."

సార్ చక్రం పక్కన గొంతుక్కూర్చుని, మిగిలిన మూడు రెక్కలనూ కళ్ళు మూసుకుని తడిమాడు. "కొత్త చక్రం పోపిద్దాం నారాయణప్పా. నెలలోపల" అన్నాడు. ఉలి పట్టలేని మేస్త్రీ, అనుభవం లేని నేను, ఎట్లా పనిచేస్తుందో తెలియని మౌసు, ఇంతే కదా మేము అనుకున్నాను.

ఆయన పథకం మాత్రం స్పష్టంగా ఉంది. బాగున్న రెక్కమీద గళ్ళు గీసి, ఒక్కో గడి ఎంత ఎత్తులో ఉందో కొలవాలి. ఆ కొలతలతో కంప్యూటరులో చక్రాన్ని కట్టాలి. దాన్ని పలకలు పలకలుగా కోసినట్టు అసలు సైజులో కాగితంమీద అచ్చు తీయాలి. ఆ కాగితాలను చెక్కపలకలకు అంటించి, కోసి, ఒకదానిమీద ఒకటి పేరిస్తే ప్యాట్రన్ అవుతుంది. కోయడానికి ఆయన పాత జోడీ, వడ్రంగి ఈరన్న ఉన్నాడు. కష్టమల్లా రెక్కల నడుమ ఉండే ఇరుకుసందులదే. నీళ్ళు పోయే దారి అదే. అక్కడ తేడా వస్తే పంపు తిరుగుతుంది గాని నీళ్ళు ఎత్తదు. "బయటినుంచి చూసి చేస్తే బయట మాత్రమే బాగుంటాది. మనం ఆ సందు లోపలికి పోయి నిలబడి చూడల్ల. ఈ మౌసు మనల్ని తీసకపోతాది" అన్నాడు సార్.

అది మమ్మల్ని ఎక్కడికి తీసుకుపోతోందో మొదట్లో మాకే తెలియలేదు. కొలతలతో కట్టిన చక్రాన్ని తెరమీదికి తెచ్చి పిడి కదిపితే ఒక నీలి చుక్క, చుట్టూ సన్నటి గీత ప్రత్యక్షమయ్యేది. చెయ్యి తీస్తే మాయమయ్యేది. ఒకసారి చక్రం అంచున కనిపించేది, ఇంకోసారి ఖాళీలో ఎక్కడో వెలిగేది. అట్లా ఖాళీలో వెలిగినప్పుడు పిడి కాస్త తిప్పితే చాలు, చక్రం చక్రమంతా తెర బయటికి ఎగిరిపోయేది. దాన్ని వెతికి తెచ్చుకోవడానికే పొద్దు గడిచిపోయేది. అది చాలదన్నట్టు అప్పుడప్పుడు తెర మూలన ఇంకో గుర్తు వచ్చేది. వంపు తిరిగిన బాణం, దానిమీద అడ్డగీత. అది వచ్చిందంటే చక్రం అటూ ఇటూ జరుగుతుంది గాని, ఎంత మెలితిప్పినా తిరగదు. నెట్ సెంటరుకు పోయి గంటసేపు వెతికాను. పేజీ సగం తెరుచుకుని ఆగిపోయింది.

రెండో రోజుకే నా ఓపిక అయిపోయింది. "సార్, ఇది చెడిపోయిన వస్తువు. అందుకే పడేసినారు. మామూలు మౌసుతోనే చేస్తాను" అన్నాను.

సార్ కోప్పడలేదు. ఒక పాత నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టాడు. "అది మనతో ఏందో చెప్తాండాది. మనకి దాని భాష రాదు, అంతే. దాని అర్థమేందని అడగొద్దు. ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోయింది, అప్పుడు మన చెయ్యి యాడుండాది, తెర మధ్యలో ఏముండాది, అది రాయి" అన్నాడు. పోతలో బుడగ వచ్చినా, చెక్క పగిలినా ఆయన అట్లాగే తెలుసుకున్నాడట. ఎవరూ పాఠం చెప్పలేదట.

రాయడం మొదలుపెట్టాను. పగలంతా ఇద్దరం మార్చి మార్చి కూర్చునేవాళ్ళం. నాలుగో రోజు మధ్యాహ్నం ఆ పేజీలు తిరగేస్తుంటే ఒక సంగతి కంటపడింది. అడ్డగీత బాణం వచ్చినప్పుడల్లా పిడిమీద ఉన్నది సార్ చెయ్యి. నా చేతికి అది ఒక్కసారి కూడా రాలేదు. లేచి ఆయన పక్కన నిలబడి చూశాను. రెండు వేళ్ళు లేనందువల్ల ఆ చెయ్యి పిడిమీద ఒక పక్కకు ఒరిగేది. ఒరిగినప్పుడు అరచేతి అంచు దిమ్మమీదున్న చిన్న బొత్తాన్ని నొక్కేది. ఆ బొత్తం తిరగడాన్ని ఆపేసేది. మూలన వచ్చే గుర్తు చెప్పేది అదే: తిరగడం ఆపేశాను అని.

విషయం తెలిసింది గాని, నోరు పెగల్లేదు. సార్, మీ చెయ్యి వల్లే అని ఎట్లా చెప్పను? ఆ చెయ్యి కోసమే కదా ఆయన ఈ వస్తువును అంత ముద్దు చేసుకున్నది. నేను నీళ్ళు నములుతుంటే ఆయనే నోటుబుక్కు తీసుకుని చదివాడు. ప్రతి గుర్తు పక్కనా 'సార్', 'సార్', 'సార్' అని నా రాత. ఒక నిమిషం తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత ఆయన నవ్విన నవ్వుకు కింద సైకిల్ షాపులో సుత్తి చప్పుడు ఆగింది.

"అరె, నాలుగు దినాలనుంచి నేనే దానికి తాళం ఏస్తాండానా! ఇంత దూరం కనుక్కున్యావు, నోరు తెరిచి చెప్పడానికి భయమా? పనిలో తప్పు కనబడితే అది ఎవరిదని చూడొద్దు బేటీ. నాదైతే ముందు చెప్పు" అన్నాడు. అప్పటికప్పుడు ఈరన్నను పిలిపించి, ఒక వేలెడు చెక్కముక్క నున్నగా చెక్కించి, దిమ్మ పక్కన అంటించాడు. అరచెయ్యి దానిమీద ఆనింది. ఇక ఆ బాణం రాలేదు.

నీలి చుక్క ఇంకో రెండు రోజులు సతాయించింది. చివరికి నోటుబుక్కే విప్పి చెప్పింది. పిడి కదిపే క్షణంలో తెర నడిమధ్యన ఏముంటే చుక్క దానిమీద కూర్చుంటుంది. చక్రమంతా ఆ చుక్క చుట్టూ తిరుగుతుంది. నడిమధ్యన రెక్క ఉంటే రెక్క మీద కూర్చుంటుంది. రెక్కల నడుమ ఖాళీ ఉంటే, ఆ ఖాళీలోంచి పోయి వెనకెక్కడో దూరాన కూర్చుంటుంది. అప్పుడే మా చక్రం ఎగిరిపోతున్నది. అంటే ఆ చుక్క రోగం కాదు, గుంజ. ఏ గుంజ చుట్టూ తిరగాలో చూపుతో ముందు మనం తేల్చుకుని, తర్వాత చెయ్యి కదపాలి. అది అర్థమైన పొద్దున నేను రెక్క కొసను తెర మధ్యకు తెచ్చి, పిడిని మెల్లగా వంచాను. చుక్క రెక్క కొసమీద వెలిగింది. చక్రం ఎగిరిపోలేదు. కొస కదలకుండా నిలబడి ఉండగా, మిగతాదంతా దాని చుట్టూ హాయిగా తిరిగింది. మరికాస్త తోశాను. రెండు రెక్కల నడుమ, నీళ్ళు పోయే దారిలో ఉన్నాను నేను.

"సార్! లోపలికి వచ్చేసినా!" అని కేకేశాను. ఆయన చాయ్ గ్లాసు కిటికీలో పెట్టి పరుగెత్తుకొచ్చాడు.

లోపలికి వెళ్ళడం వల్లనే అసలు ప్రమాదం బయటపడింది. మిగిలిన మూడు రెక్కల్లో నున్నగా కనిపించిన ఒకదాన్ని ఎంచి, సార్ దాన్నే గడి గడిగా కొలిచాడు. దాన్నే ఆరు చోట్ల పెట్టి నేను చక్రం కట్టాను. రెండో రెక్కమీద మాత్రం సరిచూసుకోవడానికి కొన్ని కొలతలు తీసి, తెరమీద చుక్కలుగా గుర్తుపెట్టాను. పైనుంచి చూస్తే ఆ చుక్కలు రెక్కకు అంటుకునే ఉన్నాయి. ఇప్పుడు సందులో నిలబడి, ఒక్కోదాన్ని గుంజగా చేసుకుని పక్కకు తిరిగి చూస్తే, కొస దగ్గరి చుక్కలు రెక్కను వదిలి గాలిలో తేలుతున్నాయి. చిటికెనవేలి మందం తేడా. నావైపే తప్పేమోనని లెక్కలన్నీ రెండుసార్లు చూశాను. నాది కాదు. ఈసారి నోరు పెగలడానికి ఆలస్యం కాలేదు.

"సార్, మీరు కొలిచిన రెక్క వంగిపోయి ఉండాది."

ఆయన వెంటనే ఒక అట్టముక్క తీసుకున్నాడు. రెండో రెక్క వంపుకు సరిపోయేట్టు కత్తిరించి మూడోదానిమీద ఆనించాడు. అతికినట్టు కూర్చుంది. తాను కొలిచినదానిమీద ఆనించాడు. కొస దగ్గర వెలుతురు కనిపించింది. రాయి తగిలినప్పుడు ఆ రెక్క విరగలేదు గాని, వంగింది. మేము ఆ దెబ్బనే ఆరుసార్లు పోతపోయించబోయాం.

సార్ ఆ వెలుతురు సందుమీద వేలు పెట్టాడు. "ముప్పై ఏండ్ల చెయ్యి అనుకుంటి. మోసపోయినాది. నీ కన్ను పట్టుకునింది" అన్నాడు. ఆ గొంతులో చిన్నబోవడం లేదు. నిధి దొరికినవాడి గొంతు అది.

అదే సమయానికి నారాయణప్ప మెట్లెక్కి వచ్చాడు. తెరమీద చక్రం తిరుగుతుంటే చూసి మొహం ఎర్రబడింది. "ఏం సాబూ, పది దినాలాయ. ఇంకా బొమ్మలు చూపిస్తాండారు. నీళ్ళు యాడ?" అన్నాడు. సార్ ఆయన్ను నా కుర్చీ పక్కన కూర్చోబెట్టి, "ఈ పాప నిన్ను పంపులోకి తీసకపోతాది, చూడు" అన్నాడు. నేను ఆయన్ను రెక్కల నడుమకు తీసుకువెళ్ళాను. నీళ్ళు ఎక్కడ లోపలికి వస్తాయో, ఎక్కడ మలుపు తిరుగుతాయో, ఆ వంకర రెక్క ఉంటే ఎక్కడ కొట్టుకుని ఆగిపోయేవో చూపించాను. నారాయణప్ప కుర్చీ అంచు పట్టుకుని, పడిపోతాడేమో అన్నట్టు వంగి చూశాడు. "ఇన్నేండ్లు ఈ పంపును నడిపినాను. దీని కడుపు ఇప్పుడు చూస్తాండా" అన్నాడు. లేచి వెళ్తూ, "కానీ పాపా. నీకెన్ని దినాలు కావల్లో అన్ని తీసుకో, ఊరోల్లకు నేను చెప్పుకుంటా" అన్నాడు.

రెండో రెక్కను మొదటినుంచీ కొలిచి కొత్తగా కట్టాం. ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి, సార్ చెప్పిన లెక్క ప్రకారం అంతా కాస్త పెంచాను. ఈరన్న టేకుపలకలు కోసి, పేర్చి, గరుకుకాగితంతో రుద్దాడు. సార్ కళ్ళు మూసుకుని తడమడం, "ఈడ ఇంకొంచెం" అనడం, ఈరన్న మళ్ళీ రుద్దడం. ఆ ప్యాట్రన్‌ను దుప్పట్లో చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకుని సార్, నేను కడపకు బయలుదేరాం. కండక్టరు అదేమిటని అడిగితే సార్, "మూడు ఊర్ల నీళ్ళప్పా, మెల్లగా పోనీయమను" అన్నాడు.

కడప పొలిమేరలో ఒక చిన్న పోతకార్ఖానా. మూడు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళేసరికి చక్రం తయారై నేలమీద ఉంది. కార్ఖానా ఆయన ఇనుపబ్రష్షుతో మిగిలిన ఇసుక దులుపుతూ, దాన్ని వెనక్కి తిప్పి ఆగాడు. "ఏమప్పా, శాంత ఎవరు?" అని అడిగాడు. వంగి చూశాను. చక్రం వెనకవైపు, నడుమ దగ్గర, వేలిగోరంత తెలుగు అక్షరాలు ఇనుములో ఉబ్బెత్తుగా ఉన్నాయి. శాంత. నా పేరు. సరిగ్గా ఎదురుగా, అంతే దూరంలో, ఈరన్న. మేము బయలుదేరే ముందు నాకు తెలియకుండా సార్ ఆ అక్షరాలను చెక్కలో కోయించి ప్యాట్రన్‌కు అంటించాడు.

"మీ పేరు లేదేం సార్?" అని అడిగాను.

"రెండు పేర్లు ఎదురెదురుగా ఉంటే చక్రం తూకం సరిపోతాది. మూడోది ఏస్తే ఊగుతాది" అని నవ్వి, చక్రం మోయడానికి అవతలివైపు పోయాడు.

పంపు ఆడించిన పొద్దున నది ఒడ్డుకు మూడు ఊర్ల మనుషులూ వచ్చారు. మోటారు మొదలైంది. పైన తొట్టెలో పెద్ద గొట్టం ముందు గాలిని కక్కింది, ఎర్రటి తుప్పునీళ్ళు ఉమ్మింది, ఒక్క క్షణం ఆగింది. తర్వాత గొట్టం నిండుగా, మనిషి నడుమంత లావున నీళ్ళు విరుచుకుపడ్డాయి. నారాయణప్ప చొక్కాతోనే తొట్టెలోకి దిగాడు. ఎవరో ఆడవాళ్ళు నా చేతులు పట్టుకుని నీళ్ళలోకి లాగారు. నీళ్ళు కాలవ వెంట ఉల్లిమళ్ళవైపు పరుగెత్తుతుంటే, సార్ ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని, వాటి పక్కనే గట్టుమీద చిన్నపిల్లాడిలా నడిచిపోవడం చూశాను.

ఆ తర్వాత ఆయన దగ్గర ఏడేళ్ళు పనిచేశాను. ఆయన కన్నుమూశాక కడపలో సొంతంగా ఆఫీసు పెట్టాను. మా దగ్గర ఇప్పుడు తొమ్మిదిమంది ఉన్నారు. ఏ పని బయటికి పోయినా, దాన్ని గీసినవాళ్ళ పేరు, చేసినవాళ్ళ పేరు దానిమీద ఎక్కడో ఒకచోట ఉండి తీరాలన్నది మా ఆఫీసులో నియమం. కొందరు కొనుగోలుదారులు విసుక్కుంటారు, చెరిపేయమంటారు. నేను ఒప్పుకోను. నా పేరు మాత్రం ఎక్కడా వేయను.